మైకులో లేని పేరు

"అసలా మైకు ఎందుకు పట్టుకున్నారత్తయ్యా మీరు?"

పొద్దున బందరు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచిన దగ్గర్నుంచీ హరిబాబుది ఇదే పాట. మొదట మెల్లగానే అడిగాడు. తర్వాత తల పట్టుకుని అడిగాడు. ఇప్పుడు మాత్రం వీధిలో వాళ్లు తిరిగి చూసేట్టు అరిచాడు.

కృపావతి చేట ముందేసుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది. అందులో రాయీ లేదు, వడ్లగింజా లేదు. అల్లుడి మొహం చూడకుండా ఉండాలంటే చేతిలో ఏదో ఒక పని ఉండాలి గదా మరి.

"ఊళ్లో ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి బతిమాలుకున్నానండీ. పల్లెపాలెం పెద్దల్ని బతిమాలుకున్నా. కాలవలోంచి పైకి లాగినోళ్లని బతిమాలుకున్నా. కారు తోలింది హరిబాబే అని అందర్నీ ఒక్క మాట మీద నిలబెట్టా. ఇంత చేసీ ఒక్కటి మర్చిపోయాం. మీ ప్రార్థన!"

"కొంచెం మెల్లగా మాట్లాడండి. వాడు వింటాడు," అంది హరిబాబు భార్య నిస్సీ లోపలి గది వైపు చూస్తూ.

"విననీ. వాడి కోసమేగా ఈ తిప్పలన్నీ."

లోపలి గదిలో కృపావతి కొడుకు జయంత్ తొడలో రాడ్డుతో, పక్కన వాకరుతో మంచం మీద ఉన్నాడు.

జరిగిందేమిటో ఊరికి తెలుసు. తెలియనిదల్లా గుడివాడలో ఉన్న ఇన్సూరెన్సు ఆఫీసుకే. పక్కింటి వెంకటపతికి ఆ వేకువన గుండెల్లో నొప్పి వస్తే, తిరుపతి బాడిగ దింపి వచ్చి ఒళ్లెరక్కుండా పడుకున్న బావని లేపకుండా, మేకుకున్న తాళం తీసుకుని కారు తీసినవాడు జయంత్. వాడికున్నది మోటారుసైకిలు లైసెన్సు మాత్రమే. అవనిగడ్డ ఆసుపత్రికని బయలుదేరి, కాలవ కట్ట మలుపులో కారుతో సహా నీళ్లలోకి పోయాడు. వాడు బతికాడు. వెంకటపతి పోయాడు.

హరిబాబు సంసారానికి కూడూ గుడ్డా అయిన ఆ టాక్సీ ఇప్పుడు గుడివాడ షెడ్డులో తుక్కు కింద పడి ఉంది. బాగుచేయడానికి పనికిరాదు, టోటల్ లాస్ అని సర్వేయరు తేల్చేశాడు. పరిహారం రావాలంటే తోలినవాడికి లైసెన్సు ఉండాలి. అందుకని బందరులో క్లెయిములు ఇప్పించే పిచ్చేశ్వరరావు చెప్పినట్టే, తోలింది నేనేనని హరిబాబు సంతకం పెట్టాడు. మనిషి పోయిన కేసు కూడా తన మీదే రాయించుకున్నాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. హరిబాబు అడుసులో దిగి, ఇప్పుడు కడుక్కోవడానికి నీళ్లు వెతుక్కుంటున్నాడు.

"నిన్న కంపెనీవాళ్ల మనిషి మన సెంటర్లో టీకొట్టు దగ్గర కూర్చున్నాడంట," అన్నాడు హరిబాబు గొంతు తగ్గించి. "గోవర్ధనరావని, ఎంక్వయిరీలకి తిరిగే ఆయన. కారు ఎవరు తోలారని ఒక్కర్నీ అడగలేదంట. ఏమడిగాడో తెలుసా? 'యాక్సిడెంటు జరిగిన వేకువన మీ చర్చి మైకులో ఎవరో ఏడుస్తా ప్రార్థన చేశారంటగా, ఎవరి కోసం?' అని!"

నిస్సీ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఎవరు చెప్పారంట ఆయనకి?"

"ఎవరో అన్నారంట. ఊరి నోటికి మూకుడు పెట్టగలమా? టీకొట్టాయన మంచోడు కాబట్టి, ఆ రోజు నేను ఊళ్లో లేనండీ అన్నాడు. పక్కన కూర్చున్నాయన కూడా అదే అన్నాడంట. ఎంతమంది ఊళ్లో లేరని చెప్తారే నిస్సీ? ఆయనేమన్నా వెర్రోడా?"

కృపావతి చేతులు బియ్యంలో ఆగిపోయాయి.

ఆ మైకు చర్చి మీద కట్టింది. వేకువ ప్రార్థన అందరికీ వినపడాలని చందాలు వేసుకుని మరీ కట్టించారు. ఇటు పేటంతా, అటు పల్లెపాలెం అంతా, గాలి వాలుగా ఉంటే కాలవ కట్ట దాకా వినిపిస్తుంది. కారు కాలవలో పడిందని ఎవరో వచ్చి చెప్పగానే కృపావతికి ఒళ్లు తెలియలేదు. ఎదురుగా చర్చిలో లైటు వెలుగుతోంది. పరిగెత్తుకుంటూ వెళ్లి పాస్టరుగారి చేతిలో మైకు లాక్కుంది. ప్రభువా, నా జయంతు కారు తోలుకుంటూ కాలవలో పడ్డాడయ్యా, నా బిడ్డని నాకు ఇచ్చెయ్యయ్యా అని గొంతు పగిలేలా ఏడ్చింది. బిడ్డ దక్కాడు. ఆ ఏడుపే ఇవాళ పీకల మీదికి వచ్చింది.

"సాల్మన్ రాజుగారిని అడిగితే?" అంది నిస్సీ భయం భయంగా.

"ఇంకెక్కడి పాస్టరుగారు! సువార్త కూటాలున్నాయని పొద్దున్నే పెడన బస్సెక్కారు. ఎప్పుడొస్తారో చెప్పలేదు. అడిగితే అబద్ధం చెప్పలేరు. అడక్కుండా ఉండాలంటే ఊళ్లో ఉండకూడదు. ఆయన్ని అనడానికేముంది, మర్యాదగా తప్పుకున్నారు," అని హరిబాబు మళ్లీ అత్తగారి వైపు తిరిగాడు. "ఇవాళ వీరలక్ష్మిగారి దగ్గరికి వస్తున్నాడు ఆయన. పోయిన మనిషి భార్య గదా, ఆవిడ మాట రాసుకోకుండా ఫైలు మూయరంట. ఆవిణ్ణి కూడా ఇదే అడుగుతాడు. ఆవిడ నోట్లోంచి జయంత్ అన్న పేరు వచ్చిందో, అంతటితో అయిపోయింది."

"నేనేం చెయ్యను బాబూ?"

"మీరే వెళ్లాలి ఆవిడ దగ్గరికి."

కృపావతి ఉలిక్కిపడింది. "నావల్ల కాదు."

"మీవల్ల కాదా! మీ అబ్బాయి జైలుకి పోకూడదని నేను కేసు నెత్తినేసుకోవడం నావల్ల అయింది. పక్కింటి దాకా వెళ్లడం మీవల్ల కాదా?"

ఆ మాటకి కృపావతి చేట పక్కన పెట్టింది. అంగన్‌వాడీ టీచరుగా పాతికేళ్లు ఊరి పిల్లలందరికీ మంచీ చెడూ చెప్పిన మనిషి. మాట పడటం అలవాటు లేదు.

"ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పండి బాబూ. కేసు మీ మీద వేసుకున్నది జయంతు కోసమా, కారు కోసమా?"

"అమ్మా!" అంది నిస్సీ.

హరిబాబు మొహం నల్లబడిపోయింది. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

"కారు కోసమే అనుకోండి," అన్నాడు చివరికి. "మొన్న గుడివాడ వెళ్లి చూసొచ్చాను. సీట్ల కింద ఇంకా కాలవ బురద. డాష్‌బోర్డు మీద నత్తలు పాకుతున్నాయి. షెడ్డువాడు ముక్కు మూసుకుని, ఎప్పుడు తీసుకెళ్తారండీ దీన్ని అన్నాడు. నాకు వేరే పని రాదత్తయ్యా. స్టీరింగు తప్ప ఇంకోటి పట్టలేదు నేను. ఆ కారే మీ కూతురి అన్నం. దాని కోసమే వేసుకున్నాను. సరేనా?"

అల్లుడి కళ్లలో నీళ్లు చూసేసరికి కృపావతికి తను అన్న మాట తనకే గుచ్చుకుంది. ఒకరి మీద ఒకరు విసురుకోవడానికి ఆ ఇంట్లో ఇప్పుడు రాళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

లోపల మంచం కిర్రుమంది. "బావా," అన్నాడు జయంత్. "నేనే చెప్పేస్తాను ఆయనకి. ఇట్లా పిలుచుకురండి."

"చెప్పరా, చెప్పు! నువ్వు మనిషిని చంపిన కేసులో, నేను దొంగ సంతకం కేసులో. ఇద్దరం ఒకే బస్సులో పోదాం. మీ అక్క ఇద్దరికీ క్యారేజీ కట్టిచ్చిద్ది."

"బావా, వెంకటపతి మావయ్య నన్ను నమ్మి..."

"నోరు ముయ్యరా!" అంది నిస్సీ. అనేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కృపావతి లేచింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఎవరితోనూ చెప్పకుండా గడప దాటింది.

*

రెండిళ్లకీ మధ్య తాటాకు దడి. ఆ దడిలో మనిషి పట్టేంత సందు ఒకటి ఎప్పట్నుంచో ఉంది. ఇటు నుంచి కూర గిన్నె వెళ్లాలన్నా, అటు నుంచి చేపల పళ్లెం రావాలన్నా ఆ సందులోంచే. వీళ్లు చర్చికి వెళ్లేవాళ్లు, వాళ్లు గంగమ్మకి మొక్కేవాళ్లు. వదినా అంటే వదినా అనుకున్నారే గాని ఆ తేడా ఎప్పుడూ లెక్కలోకి రాలేదు.

ఇప్పుడా సందుకి ఎవరో పాత వల కట్టేశారు. చిరుగులున్న వలే గాని ముళ్లు మాత్రం గట్టిగా వేశారు. కృపావతి దాని ముందు కాసేపు నిలబడి, వీధిలోంచి చుట్టు తిరిగి వెళ్లింది.

వీరలక్ష్మి వాకిట్లో పరదా పట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. పెద్దకర్మ అయినప్పట్నుంచి మళ్లీ సంతకి వెళ్తోంది. వెళ్లక ఏం చేస్తుంది, కూతురు సుమతి ఇంకా డిగ్రీ చదువుతోంది. కృపావతిని చూసి తల ఎత్తింది, మళ్లీ దించుకుంది.

"రండి కృపావతిగారూ," అంది.

గారూ! తిట్టినా బాగుండేది. వదినా అని పిలిచే నోరు గారు అంటే, అంతకన్నా మొహాన తలుపు వేయడం ఇంకోటి లేదు.

కూర్చోమనలేదు. మంచినీళ్లు తాగుతావా అని కూడా అనలేదు. కృపావతే పట్టా అంచున చతికిలబడి, అలవాటు కొద్దీ ఒక వరస చేపలు తిరగెయ్యబోయింది. వీరలక్ష్మి ఆ వరస బుట్టలోకి ఎత్తేసి బుట్ట అటు జరుపుకుంది.

"ఇవాళ ఆ కంపెనీ ఆయన వస్తాడంట వదినా."

"కబురు వచ్చిందండీ."

"మైకు సంగతి అడుగుతాడంట."

"అడగనివ్వండి."

కాకి ఒకటి పట్టా మీద వాలింది. వీరలక్ష్మి కర్ర ఊపి తోలింది. కృపావతికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. దారంతా కూడదీసుకున్న మాటలు గుమ్మంలోనే జారిపోయాయి.

"హరిబాబే తోలాడని అంటే నీకు కూడా పరిహారం తొందరగా వచ్చిద్దంట వదినా. పిచ్చేశ్వరరావుగారు చెప్పారు. లేకపోతే కోర్టులు, వాయిదాలు, ఏళ్లు పట్టిద్దంట. సుమతి చదువుకైనా..."

"నేను దాని గురించి మిమ్మల్ని ఎప్పుడన్నా అడిగానా?"

"లేదు."

"మరి ఎందుకు చెప్తున్నారు?"

కృపావతి తల దించుకుంది. లోపల సుమతి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నది కాస్తా ఆపేసింది. వింటోందన్నమాట.

"నీకు నా మీద కోపం ఉంది వదినా. నాకు తెలుసు. కారు వాడు తీసుండకపోతే..."

"కారు తియ్యమని అడిగింది నేను," అంది వీరలక్ష్మి చటుక్కున. "మీ తలుపు కొట్టింది నేను. జయంతూ, తియ్యి నాయనా, మావయ్య చచ్చిపోయేట్టున్నాడు అని కాళ్లు పట్టుకుంది నేను. వాడు లైసెన్సు లేదని చూసుకోలేదు, బావ తిడతాడని చూసుకోలేదు. నా బిడ్డ లాగా ఎత్తుకుని కూర్చోబెట్టుకున్నాడు. వాడి మీద నాకు కోపమేంటండీ? ఉప్పూ కారం తినే మనిషిని నేను కూడా."

"మరెందుకు వదినా దడికి వల కట్టావు?"

వీరలక్ష్మి చేతిలో కర్ర కింద పెట్టింది. మొదటిసారి కృపావతి మొహంలోకి సూటిగా చూసింది.

"మైకులో మా ఆయన పేరు ఎందుకు ఎత్తలేదండీ మీరు?"

ఈ ప్రశ్న వస్తుందని కృపావతి కలలో కూడా అనుకోలేదు. అయినా ఏదో ఒకటి చెప్పాలి గదా. చేతికి దొరికింది చెప్పింది.

"పోయినవాళ్ల కోసం మా వాళ్లు ప్రార్థన చెయ్యరు వదినా. మా పద్ధతి కాదు అది. బతికున్నవాళ్ల కోసమే..."

"అప్పటికి ఆయన పోలేదండీ."

కృపావతి చప్పున తలెత్తింది.

"మీకు తెలీదు. మీరు చర్చిలోకి పరిగెత్తారుగా. నేను మన వీధి అబ్బులు బండి మీద కారు వెనకాలే వస్తున్నాను, కట్ట మీద. లైట్లు నీళ్లలో వెలుగుతా ఉన్నాయి. పడవ కుర్రాళ్లు దూకి ఇద్దర్నీ పైకి తీశారు. జయంతుని అటు పడుకోబెట్టారు. ఈయన్ని నా ఒళ్లో పెట్టారు. ఊపిరి ఆడుతోంది. కళ్లు తెరిచి చూస్తున్నాడు. నూట ఎనిమిది రావాలి గదా, దాని కోసం చూస్తా కూర్చున్నాం. అప్పుడు వినపడింది మైకు."

వీరలక్ష్మి గొంతు ఎక్కడా వణకలేదు. అదే కృపావతిని భయపెట్టింది.

"మీ గొంతు నాకు తెలీదా? అదుగో, వదిన ప్రార్థన చేస్తంది అన్నాను ఆయనతో. ఆయనకి కూడా వినపడింది. నవ్వినట్టు పెట్టాడు మొహం. నా జయంతు, నా జయంతు అంటున్నారు మీరు. సరే, కన్నతల్లి గదా, ముందు కొడుకు పేరే వచ్చిద్ది అనుకున్నా. తర్వాత వచ్చిద్దిలే ఈయన పేరు అనుకున్నా. చెవి రిక్కించుకుని విన్నానండీ. ఆయన కూడా వింటానే ఉన్నాడు. మీరు ఆమెన్ అన్నారు. మైకు ఆగిపోయింది."

కృపావతి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అన్నయ్యా అని పిలిచేది వెంకటపతిని. కారు కొన్న రోజు చర్చి ముందు పెట్టి పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తుంటే, అయిపోయేదాకా చేతులు కట్టుకుని నిలబడి, ఆనక జేబులోంచి నిమ్మకాయలు తీశాడు. మాకు అవి ఉండవన్నయ్యా అంటే, మీ దేవుడి పని మీ దేవుడు చేశాడు, ఇక టైర్ల కింద సంగతి నాకు వదిలెయ్యమ్మా అని నవ్వాడు. అంతటి మనిషి ఆ వేకువన ఆమెకి గుర్తు రాలేదు. కావాలని వదిలేసింది కాదు. అసలు గుర్తే రాలేదు. కారులో ఇద్దరున్నారన్న సంగతే తట్టలేదు. ఏ పాపం చేశానని ఒప్పుకోవాలో కూడా తెలియని పాపం అది.

"నాకు నా బిడ్డ తప్ప ఏమీ కనపళ్లేదు వదినా," అంది వేళ్ల సందుల్లోంచి.

"అవునండీ. నాకు అర్థమైంది. అందుకే వల కట్టాను."

వీధిలో మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది. కృపావతి గబగబా కళ్లు తుడుచుకుంది. లేచి వెళ్లడానికి టైము లేదు.

"ఏం చెప్తావు వదినా ఆయనకి?"

"నాకే తెలీదండీ," అంది వీరలక్ష్మి. అని చేపల బుట్ట మీద గోనెపట్టా కప్పింది.

*

గోవర్ధనరావు పోలీసులా ఉంటాడనుకుంది కృపావతి. అలా లేడు. రిటైరైన లెక్కల మాస్టారిలా ఉన్నాడు. వాకిట్లోకి వస్తూనే చెప్పులు విడిచాడు. సుమతి తెచ్చి వేసిన ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, తలకి చుట్టిన తువాలు తీసి మెడ తుడుచుకున్నాడు. వెనకాలే హరిబాబు వచ్చాడు గాని లోపలికి రాలేదు. గేటు దగ్గర రాట పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంత కష్టంలో ఉన్నప్పుడు వచ్చి విసిగిస్తున్నాననుకోకమ్మా. ఉద్యోగం ఇలాంటిది," అన్నాడు వీరలక్ష్మితో. కృపావతిని చూసి, "మీరు పక్కింటి టీచరుగారు గదండీ? ఉండండి, ఉండండి. వెళ్లక్కర్లేదు," అన్నాడు.

ఉండమన్న తీరు మర్యాదగానే ఉంది. లేవబోయిన కృపావతి మళ్లీ కూర్చుంది.

ఆయన కారు ఊసే ఎత్తలేదు. వెంకటపతికి ఎప్పట్నుంచి గుండెజబ్బు ఉందో అడిగాడు. పడవ సొంతమా, అద్దెదా అని అడిగాడు. అమ్మాయి ఏం చదువుతోందని అడిగాడు. వీరలక్ష్మి ఒక్కో ముక్కా జవాబు చెప్పింది. హరిబాబు రాట మీద చెయ్యి మార్చి చెయ్యి వేస్తున్నాడు.

"ఇంకొక్కటే తల్లీ. ఆ వేకువన చర్చి మైకు నువ్వు కూడా విన్నావంట గదా?"

"విన్నానండీ."

"కట్ట మీదికి వినపడిందా?"

"బాగా వినపడిందండీ. గాలి అటే ఉంది."

"ఎవరి కోసమమ్మా ఆ ప్రార్థన?"

కృపావతి కళ్లు మూసుకుంది. జయంత్ అన్న పేరు వినపడటానికి సిద్ధపడింది.

"మా ఆయన కోసమండీ," అంది వీరలక్ష్మి.

గేటు దగ్గర హరిబాబు పట్టలేక ఊపిరి వదిలాడు.

"వెంకటపతి అని పేరు పెట్టి మరీ చేశారండీ. గుండెల్లో నొప్పితో పోతున్నాడు, కాలవలో పడ్డాడు, ఆయన్ని బతికించయ్యా, దాని పసుపుకుంకాలు నిలబెట్టయ్యా అని ఏడ్చారండీ మైకులో. నా ఒళ్లోనే ఉన్నాడు ఆయన. విన్నాడు. మన కోసం ఊరంతా మొక్కుతున్నారయ్యా, నీకేం కాదు అని చెప్పాను. ఆ మాట వింటానే కళ్లు మూశాడు." కొంగుతో మొహం తుడుచుకుని చెయ్యి చాపి చూపించింది. "ఆ ప్రార్థన చేసింది ఈవిడేనండీ, మా వదిన. కావాలంటే అడగండి."

వదిన అంది! మళ్లీ వదిన అంది!

గోవర్ధనరావు రాయడం ఆపి కుర్చీ కొంచెం ఇటు తిప్పుకున్నాడు.

"నిజమేనామ్మా టీచరుగారూ?"

ఒక్క మాట చాలు. అవునంటే చాలు. జయంత్ మంచం మీదే ఉంటాడు. హరిబాబుకి మళ్లీ స్టీరింగు దొరుకుతుంది. నిస్సీ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. గేటు దగ్గర హరిబాబు తల ఊపుతున్నాడు, అనండి అత్తయ్యా, అనండి అన్నట్టు.

కృపావతి వీరలక్ష్మి వైపు చూసింది. ఆ మొహంలో ఎగతాళి లేదు, పగ లేదు. అది దయో, శిక్షో కృపావతికి తేల్చుకోవడం చేతకాలేదు. ఆవిడ ఊరికే ఎదురుచూస్తోంది. ఆ వేకువన కట్ట మీద భర్త తల ఒళ్లో పెట్టుకుని మైకు వైపు చెవి రిక్కించి కూర్చున్నప్పుడు కూడా ఇలాగే ఎదురుచూసి ఉంటుంది.

చెయ్యని ప్రార్థన చేశానని చెప్పి, దాన్ని కూడా కొడుకు కోసమే వాడుకోవాలా? ఆ చచ్చిపోయిన మనిషి పేరు అప్పుడు ఎత్తలేదు. ఇప్పుడు పని పడింది కాబట్టి ఎత్తాలా?

"చెప్పండమ్మా," అన్నాడు గోవర్ధనరావు.

"లేదండీ," అంది కృపావతి.

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. హరిబాబు గేటు తోసుకుని లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఆ పేరు నేను ఎత్తలేదండీ. వెంకటపతి అన్నయ్య పేరు నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన బతికే ఉన్నాడు అప్పటికి. నేను ఎత్తలేదు. మా వదిన నన్ను కాపాడ్డానికి అలా చెప్పింది."

వీరలక్ష్మి ఇంతసేపూ ఏడవనిది, అప్పుడు ఏడ్చింది. పట్టా మీద కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. సుమతి లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి అమ్మని పట్టుకుంది.

గోవర్ధనరావు కళ్లజోడు తీసి తువాలుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనకేమీ తొందర లేదు. ఏడుపు కాస్త సద్దుమణిగేదాకా ఆగాడు.

"మరి ఎవరి కోసం చేశారమ్మా?" అని అడిగాడు.

కృపావతి నోరు తెరిచింది.

దడికి కట్టిన పాత వల అవతల నుంచి వాకరు చప్పుడు వినపడింది. ఆగుతూ, మళ్లీ మొదలవుతూ, ఇటువైపే వస్తోంది.